ఎడమ పక్క మనిషి

లారీని ముందుకు ఎవడైనా తోలుతాడు. వెనక్కి తోలడమే పని. స్టీరింగు కుడి పక్కన ఉంటుంది కాబట్టి డ్రైవరు తలుపు తెరుచుకుని, సగం ఒళ్లు బయటికి వంచి, కుడి పక్క ఏముందో చూసుకోగలడు. ఎడమ పక్క మాత్రం అతనికి పట్టపగలు కూడా చీకటే. అక్కడ గోడ ఉందో, గొడ్డు ఉందో, బస్తాల నీడలో మనిషే పడుకున్నాడో క్లీనరు చెప్పాలి. డ్రైవరు నమ్మాలి. నమ్మలేనివాడు దిగిపోయి వేరే పని చూసుకోవాలి.

ఎల్లస్వామి నమ్మిన మనిషి మీరా సాహెబ్.

వరంగల్‌లో వాళ్లిద్దరినీ చూసి కొత్తవాళ్లు పొరపాటుపడేవాళ్లు. ఎల్లస్వామి డ్రైవరు, వయసులో చిన్న. మీరా సాహెబ్ క్లీనరు, అతనికన్నా బాగా పెద్ద, గడ్డం సగం నెరిసింది. ఆ వయసులో క్లీనరేమిటని ఎవరైనా అడిగితే మీరా సాహెబ్ నవ్వేవాడు. అంతకుముందు అతనికి ఎడ్లబండి ఉండేది. స్టేషను నుంచి మండి బజారుకు బస్తాలు తోలేవాడు. లారీలు ఎక్కువై బండ్ల బేరం పోయింది. ఎడ్లను అమ్మేసి, తన బతుకును తొక్కిన లారీకే క్లీనరయ్యాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎడ్లబండ్లవాళ్లు చాలామంది అప్పుడు ఏమీ కాలేకపోయారు.

లారీ వెంకట్రాజం సేటుది. పాత టాటా బండి. ఎడమ పక్క అద్దం ఎప్పుడో పగిలిపోయింది. కొత్తది పెట్టించమని ఎల్లస్వామి అడిగితే, "మీరా సాబ్ ఉన్నడు గదా, అద్దమెందుకు?" అన్నాడు సేటు. ఆ మాటను మీరా సాహెబ్ మెప్పుగానే తీసుకున్నాడు. అద్దం ఖర్చు తప్పించుకున్నాడని ఎల్లస్వామి అనుకున్నాడు. ఇద్దరూ అనుకున్నది నిజమే.

డెబ్బైల్లో వాళ్లు మోసిందంతా మిర్చి. ఎండాకాలం మొదలైతే పల్లెల నుంచి బస్తాలు ఎత్తుకుని గంజ్ మార్కెట్‌కు తేవడం, అక్కడ కాంటా అయిన సరుకును స్టేషనుకో గోదాముకో చేర్చడం. లోడు ఎత్తేటప్పుడు డ్రైవరు కిందుంటాడు, చాయ్ తాగుతాడు. క్లీనరు పైనుంటాడు. హమాలీలు విసిరిన బస్తాను సర్దాలి, సందుల్లో కాలితో తొక్కాలి, పైన పట్టా కప్పి మోకులు బిగించాలి. మిర్చి బస్తాను తొక్కితే లోపలి ఘాటంతా ఒక్కసారి లేస్తుంది. బజారులో నడిచిపోయేవాళ్లే ముక్కుకు గుడ్డ పెట్టుకుంటారు. మీరా సాహెబ్ ఆ బస్తాల మీద ఏళ్లకేళ్లు నిలబడ్డాడు.

అతని గొంతు అప్పట్లో గంజ్ అంతటికీ తెలుసు. "ఆనే దో... ఆనే దో... జర లెఫ్ట్ కొట్టు... ఆనే దో... బస్!" అని అరిస్తే పక్క లారీల డ్రైవర్లు కూడా బ్రేకు తొక్కేవాళ్లు. ఎల్లస్వామి ఆ గొంతు వింటూ కళ్లు మూసుకుని కూడా లారీని గోడకు జానెడు దూరంలో ఆపేవాడు. ఒకసారి పందెం వేసి అలా చేశాడు కూడా. గెలిచినందుకు మీరా సాహెబ్ చేత వీపు మీద ఒక్కటి తిన్నాడు.

"కండ్లు మూస్కుంటవార? నేను తుమ్మితె ఏమైతుండె?"

"నువ్వు తుమ్మవు మీరన్నా."

తుమ్మలేదు. దగ్గు పట్టుకుంది.

మొదట చలికాలమే అన్నాడు. తర్వాత కాలంతో పనిలేకుండా పోయింది. మాట మొదలుపెడితే మధ్యలో దగ్గు, దగ్గు తగ్గేసరికి మాట మరిచిపోవడం. దవాఖానలో డాక్టరు ఛాతీకి గొట్టం పెట్టి విని, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మీరా సాహెబ్ చాలాసేపు నవ్వాడు, దగ్గుతూనే.

"దూరముండాల్నట తమ్మీ. దుమ్ము లేని లారీ ఏడున్నదో గది గుడ రాసియ్యక పాయె."

ఎనభైల మొదట్లో ఒక మిర్చి సీజనులో, ఎనుమాముల మార్కెట్ యార్డులో, వెనక్కి తీస్తున్న లారీ కాంటా గుంజను గుద్దింది. గుంజ వంగింది, పక్కనున్న బస్తాల నెట్టు కూలింది. మనుషులకేమీ కాలేదు. జనం మూగి ఎల్లస్వామి తల్లిని, చెల్లిని, లైసెన్సు ఇచ్చిన ఆఫీసరును కలిపి తిట్టారు. ఎల్లస్వామి వాళ్లను తోసుకుని ఎడమ పక్కకు పరుగెత్తాడు. మీరా సాహెబ్ ఒక బస్తాకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖమంతా నీళ్లు. కుడిచెయ్యి ఇంకా పైకే ఉంది, ఆగు అన్నట్టు.

"బస్ అన్న తమ్మీ," అన్నాడు ఊపిరి మధ్య. "అన్న. నోట్లెకెళ్లి రాలె."

సేటు అడిగితే ఎల్లస్వామి తన కాలు బ్రేకు మీద జారిందని చెప్పాడు. సేటు నమ్మాడు, అంటే నష్టం ఎల్లస్వామి మీద రాసుకున్నాడు.

ఆ తర్వాత అరుపు మానేసి చప్పుడు మొదలుపెట్టారు. లారీ పక్కపలకను మీరా సాహెబ్ అరచేత్తో కొడుతూ ఉంటే రావాలి, గట్టిగా ఒక్కటి కొట్టి ఊరుకుంటే ఆగాలి. చాలా లారీలకు అదే పద్ధతి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మీరా సాహెబ్ గొంతు పోయిందని యార్డులో చాలామందికి తెలియకుండానే ఏడాది గడిచింది. అతను మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషని కొత్తవాళ్లు అనుకున్నారు.

తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అరవలేని క్లీనరును ఏ సేటూ ఉంచుకోడు. దింపేస్తే ఆ వయసులో, ఆ ఛాతీతో మీరా సాహెబ్ చేయగలిగే పని వరంగల్‌లో ఇంకొకటి లేదు. ఇంట్లో కూర్చోవడం ఉంది. భార్య ఫాతిమా బేగం బీడీలు చుట్టి తెచ్చిన అన్నం తింటూ గోడకు ఆనుకుని కూర్చోవడం. ఆ మాట తలుచుకుంటేనే అతనికి దగ్గు వచ్చేది.

అప్పుడే సేటుకు కరెంటు స్తంభాల లోడ్లు దొరికాయి. పొలాల్లో మోటార్లకు లైన్లు లాగుతున్న రోజులు. పల్లెపల్లెకూ సిమెంటు స్తంభాలు చేరవేయాలి. మామూలు లారీలో అంత పొడుగు స్తంభాలు పట్టవని సేటు పక్కపలకలు, వెనక తలుపు అన్నీ ఊడబీకించాడు. లారీ పీటలా తయారైంది. అంచుల్లో స్తంభాలు జారకుండా నిలువుగా నాలుగు ఇనుప గుంజలు నాటారు. అంతే.

ఆ పలకలు వర్క్‌షాపులో ఓ మూలకు చేరిన రోజున మీరా సాహెబ్ వాటిముందు నిలబడి ఎల్లస్వామిని చూశాడు. ఇక కొట్టడానికేమీ లేదు. సిమెంటు స్తంభాన్ని అరచేత్తో కొడితే చెయ్యి నొస్తుంది తప్ప చప్పుడు కాదు.

పైగా ఈ లోడు వెనక్కి తోలడం మిర్చి లోడు లాంటిది కాదు. స్తంభాలు లారీ పీటను దాటి వెనక్కి మనిషెత్తు పొడుచుకుని ఉంటాయి. చివర ఎర్ర గుడ్డ ఒకటి వేలాడుతుంది. డ్రైవరు కొంచెం తిప్పితే ఆ తోక చాలా దూరం తిరుగుతుంది. స్తంభాలు పోసే యార్డులో వరసల మధ్య లారీ తిరిగే చోటుండదు, వెనక్కే దూరాలి. పల్లెల్లో ఇంకా ఘోరం. మెయిన్ రోడ్డు మీదినుంచి పొలం బాటలోకి తోకను ముందు పంపి, ముక్కును తర్వాత లాక్కోవాలి. ఎడమ పక్క మనిషి లేకుండా అది తోలేవాడు లేడు. ఉన్నానని చెప్పేవాడు అబద్ధాలకోరు.

తాడు సంగతి మీరా సాహెబ్‌కే తట్టింది. లోడు కట్టే మోకులోంచి పొడుగాటి ముక్కొకటి కోసి తెచ్చాడు.

"చెయ్యి ఇటియ్యి," అన్నాడు.

ఒక కొసను ఎల్లస్వామి ఎడమ జబ్బకు కట్టాడు. తాడును ఎడమ కిటికీలోంచి బయటికి తీసి, లారీ అంచు వెంబడి తోకదాకా తీసుకుపోయి, రెండో కొసను తన పిడికిట్లో పట్టుకున్నాడు.

"తాడు బిగువుగుంటె నేనున్ననని లెక్క. రా. ఒక్క గుంజు గుంజితె ఆగు. రెండు గుంజులు గుంజితె ముందుకు పో. ఎద్దుకు మన మాట తెలుస్తదార? పగ్గం తెలుస్తది."

"అంటె నేను ఎద్దునా మీరన్నా?"

"నా ఎడ్లు నీ కన్న అక్కల్మంద్‌లు. గోడలు గుద్దలే."

నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నిజం చెప్పాలంటే అరుపుకన్నా తాడే నయమనిపించింది. గంజ్ గోలలో పది గొంతులు వినిపిస్తాయి. తాడుకు ఒకటే గొంతు. జబ్బ మీద ఆ బిగువు తెలుస్తున్నంతసేపూ ఎల్లస్వామి వెనక ఏముందన్నది పట్టించుకునేవాడు కాదు.

స్తంభాల హమాలీల మేస్త్రీ మొగిలయ్య మొదటిరోజే పట్టేశాడు.

"ఏందిరో, మీరా సాబు డ్రైవర్‌కు పగ్గమేసిండు! ముక్కుతాడు గుడ ఎయ్యకపాయె!"

"ముక్కుతాడు వాని పెండ్లాం యాకమ్మ ఏసిందిలే," అన్నాడు మీరా సాహెబ్ ఉన్న కాస్త గొంతుతో. హమాలీలు స్తంభం కింద పెట్టేసి మరీ నవ్వారు. ఎల్లస్వామి కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి మొగిలయ్య జట్టుకు తాడు సంగతి తెలుసు. లోడు కట్టేటప్పుడు దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు. "అది మీరా సాబుది, ఇడువుండ్లి," అనేవాడు మొగిలయ్య.

సేటు కళ్లలో పడటానికి కొంత కాలం పట్టింది. ఒకరోజు స్తంభాల యార్డుకు వచ్చి, చెట్టు కింద స్కూటరు ఆపి, లారీ వెనక్కి పోవడం మొత్తం చూశాడు. దగ్గరికొచ్చి తాడును వేలితో లేపాడు.

"గిదేందిది?"

మీరా సాహెబ్ తాడు కొసను పిడికిట్లోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మీరా, నోరు లేదా నీకు? ఏదీ, ఒక్కసారి ఒర్లు. ఆనే దో అను. నేనింటా."

మీరా సాహెబ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పీల్చుకోవడంలోనే లోపల గరగర వినిపించింది. అతను నోరు తెరిచేలోపే ఎల్లస్వామి లారీ మీదినుంచి దూకాడు.

"అన్న ఒర్లుతాండు సేటూ. నాకే వినవడ్తలేదు."

"ఏంది?"

"చెవులు. ఇంజన్ మోతకు పోయినై. ఈ ఎడమ చెవైతె మొత్తానికే. అన్న ఎంత ఒర్లినా నాకు తెలుస్తలేదని, పాపం, తాడు గట్టిండు."

సేటు ఎల్లస్వామిని కింది నుంచి పైదాకా చూశాడు. "చెవిటోని చేతిల బండి వెట్టిన్నా ఇన్నొద్దులు?"

"ఏంది సేటూ?" అన్నాడు ఎల్లస్వామి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మొగిలయ్య వెనక్కి తిరిగి దగ్గు నటించాడు. సేటు కాసేపు గొణిగి, చెవులు చూపించుకొమ్మని, ఏదన్నా అయితే తనకు సంబంధం లేదని చెప్పి స్కూటరెక్కాడు. అంత తక్కువ జీతానికి ఆ తోకలారీ తోలే డ్రైవరు ఇంకొకడు దొరకడని అతనికీ తెలుసు.

ఆ రోజు ఇద్దరూ కలిసే ఇంటికి పోయారు. కాశీబుగ్గలో వాళ్ల ఇళ్లు పక్కపక్కనే, మధ్యన ఒకటే గోడ. మీరా సాహెబ్ గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: "ఎందుకన్నవ్ తమ్మీ గట్ల?"

"ఎడమ దిక్కు నాది గాదు మీరన్నా. నీది. నువ్వు లేకుంటె నాకేమెరుక ఆడ ఏమున్నదో?"

రెండ్రోజుల్లో సంగతి గల్లీకి పాకింది. యాకమ్మ ఏడ్చుకుంటూ ఫాతిమా బేగం దగ్గరికి పోయింది. "అక్కా, మా ఇంటాయనకు చెవులు పోయినయట, నాకు ఒక్కమాట చెప్పలే." ఫాతిమా బేగం చేతిలో బీడీ ఆకు అలాగే పట్టుకుని నవ్వింది. అంతా చెప్పింది. యాకమ్మ ఇంటికొచ్చి మొగుణ్ని చెవిలో గట్టిగా అరిచి మరీ తిట్టింది.

కాని అబద్ధం ఊరికే ఉండదు. దాన్ని రోజూ మోయాలి. సేటు పిలిస్తే ఎల్లస్వామి రెండోసారికి గాని పలకకూడదు. యార్డులో జోకు వేస్తే అందరికన్నా ఆలస్యంగా నవ్వాలి. మొదట అది ఆటలా ఉండేది.

ఎనభై నాలుగులో సమ్మక్క జాతర వచ్చింది. ములుగు రోడ్డంతా ఎడ్లబండ్లు. మొగిలయ్య జట్టు మొత్తం ఆడవాళ్లతో, పిల్లలతో మేడారం బయల్దేరింది. ఆ వారం లోడ్లు ఆపుదామని ఎల్లస్వామి అడిగాడు. సేటు వినలేదు. పాలంపేట అవతల ఒక ఊళ్లో లైను మనుషులు గుంటలు తీసి కూర్చున్నారని, స్తంభాలు పోవాల్సిందేనని అన్నాడు. దింపడానికి ఆ ఊరివాళ్లే దొరుకుతారని కూడా అన్నాడు.

దొరికారు. రాయమల్లు అనే నాట్ల కూలీల మేస్త్రీ, అతనితో కొందరు. వాళ్లు మెయిన్ రోడ్డు మీద లారీ ఎక్కి స్తంభాల మీద కూర్చున్నారు. బాట చూపిస్తామన్నారు. రాయమల్లు మంచి పనివాడు. కట్టెల లారీల మీద కూడా పోయినవాడు. తాడు కొస వదులుగా కనబడితే ఊరుకోలేడు. లోడు పనిలో మొదట నేర్పేదే అది: వేలాడే తాడు టైరు కిందికి పోతే లోడంతా గుంజుకుపోతుంది, కనబడగానే కట్టెయ్. అతనికి అది అలవాటు. చెయ్యి దానంతటదే పోతుంది.

దించాల్సిన చోటు చెరువు కాలువ పక్క బాట మీద. మెయిన్ రోడ్డు నుంచి వెనక్కి దూరాలి. బాట మొదట్లోనే కాలువ మీద చిన్న మోరీ వంతెన, దానికి ఎడమ పక్కన ఛాతీ ఎత్తు రాతిగోడ. మీరా సాహెబ్ దిగి చూసి వచ్చాడు. ఎల్లస్వామి జబ్బకు తాడు సరిచేశాడు.

"మోరీ గోడ జర ముందుకున్నది. నేను చెప్పేదాక తిప్పకు."

"నువ్వు చెప్పుడేంది, గుంజుడు."

"గుంజేదాక తిప్పకు, పో."

సగం వెనక్కి పోయాక డప్పుల మోత వినిపించింది. రోడ్డు మీద జాతర బండ్లు వరసగా వస్తున్నాయి. లారీ ముక్కు రోడ్డుకు అడ్డంగా ఉంది. బండ్లవాళ్లు అరిచారు. ఎల్లస్వామి లారీని కొంచెం ముందుకు తీసి, పక్కకు ఒరిగించి ఆపాడు. మీరా సాహెబ్ తాడు కొస పట్టుకునే తోక దగ్గర నిలబడ్డాడు. లారీ ముందుకు, వెనక్కి కదిలేసరికి తాడు నడుమ భాగం వదులై, ఎడమ పక్క ముందు టైరు మీదికి వేలాడింది.

స్తంభాల మీద కూర్చున్న రాయమల్లు కింద చూశాడు. "తాడు టైర్ కిందికి పోతాందిరా," అన్నాడు పక్కవాడితో. వంగి వేలాడుతున్న తాడును పైకి గుంజి, ముందున్న ఇనుప గుంజకు రెండు చుట్లు చుట్టి, ముడేశాడు. ఊడని ముడి. వేసి మళ్లీ జాతర బండ్ల వైపు తిరిగాడు.

క్యాబిన్‌లో ఎల్లస్వామి జబ్బ మీద బిగువు తెలిసింది. మీరన్న సిద్ధంగా ఉన్నాడనుకున్నాడు. బండ్లు కాస్త పలచబడగానే వెనక గేరు వేశాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. తోక మోరీ గోడ వైపు తిరుగుతోంది. మీరా సాహెబ్ తోకకూ గోడకూ నడుమ నిలబడి ఎంత సందుందో చూస్తున్నాడు. చాలదని తెలిసి తాడు గుంజాడు. లారీ ఆగలేదు. మళ్లీ గుంజాడు. పక్కకు దూకే చోటుంది. దూకితే కాలువ నీళ్లలో పడేవాడు, బట్టలు తడిసేవి. దూకలేదు. తాడు గుంజితే లారీ ఆగుతుంది, ఇన్నాళ్లూ ఆగింది. రెండు చేతులతో పట్టుకుని గుంజుతూ నిలబడ్డాడు. అరిచి ఉంటాడు కూడా, అతనికి వచ్చినంత.

లారీ మీదివాళ్లంతా బండ్లనే చూస్తున్నారు. డప్పుల మోతలో పక్కమనిషి మాటే వినపడటం లేదు. చివరి బండిలో కూర్చున్న ఒక ఆడమనిషి మోరీ వైపు చూసి కేక పెట్టింది. ఆ మోతలో ఆ కేకను ముందు విన్నది ఎల్లస్వామే. చెవిటి ఎల్లస్వామి. బ్రేకు తొక్కాడు. లారీ ఆగింది. అప్పటికే స్తంభాల చివరలు గోడను తాకాయి.

లారీని ముందుకు తీశాక, కిందికి జారిపోయిన మనిషిని పట్టుకున్నది కూడా ఎల్లస్వామే. జబ్బ మీద తాడు వాత ఇంకా ఉంది. సీట్లోంచి లేచినప్పుడు ఆ తాడు గుంజుకుంది, కిటికీలోంచి చూస్తే గుంజకు ముడి. ఊడబీక్కుని దూకాడు. ఎవరు వేశారని అడగలేదు. రాయమల్లు అదే ముడిని చూస్తూ స్తంభాల మీదే కూలబడ్డాడు. అతనికి అప్పటికి అర్థమైంది.

మీరా సాహెబ్‌ను క్యాబిన్‌లో తన సీట్లోనే, ఎడమ పక్కనే కూర్చోబెట్టి, ఒకరు పట్టుకున్నారు. జాతరకు ఎదురుగా వరంగల్ వైపు తోలాడు ఎల్లస్వామి. బండ్లు తప్పుకోవు, తప్పుకోవడానికి చోటు లేదు. ములుగు దాటకముందే పట్టుకున్న మనిషి, "ఇగ మెల్లగ పోరాదే డ్రైవరన్నా," అన్నాడు.

మర్నాడు ఖననానికి ముందు స్నానం చేయించినవాళ్లలో మీరా సాహెబ్ బావమరిది ముక్తార్ ఉన్నాడు. బయటికొచ్చి ఎల్లస్వామిని పక్కకు పిలిచాడు. "రెండు అరచేతులు తోలు లేచిపోయినై," అన్నాడు. "ఏమి పట్టుకున్నడో గని, ఇడువలే."

ఫాతిమా బేగం అడిగింది కూడా అదొక్కటే. ఆడవాళ్ల మధ్యలోంచి లేచి వచ్చి, ముఖం మీద చెంగు కూడా సర్దుకోకుండా అడిగింది.

"గుంజిండా లేదా తమ్మీ? లేకుంటె దగ్గుకుంట మర్షిపోయిండా?"

"గుంజిండు వదినే. చేతులు చూడలేదా? మస్తు గుంజిండు. నాదాక రాలె."

ఆమె తల ఊపి లోపలికి పోయింది.

పోలీసులు వాళ్ల పని వాళ్లు చేశారు. స్టేషనులో సేటు ముందే కూర్చుని ఉన్నాడు. క్లీనరు దగ్గుమనిషని, ఒంట్లో బాగాలేకుండానే బండెక్కేవాడని, తప్పు అతనిదే అయి ఉంటుందని మెల్లగా అంటున్నాడు. క్లీనరుదే తప్పని రాస్తే సేటుకు ఏ గొడవా లేదు, ఫాతిమా బేగానికి రావాల్సినది ఏదైనా ఉంటే అదీ రాదు. జమేదారు ఎల్లస్వామిని అడిగాడు:

"మీదికి బండొస్తాంటె గా మనిషి ఎందుకు ఒర్లలేదు?"

నిజం అక్కడే ఉంది. అతనికి గొంతు లేదు, అందుకే తాడు కట్టుకున్నాం, తాడును ఒకడు తెలియక ముడేశాడు. మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలు చెబితే ఎల్లస్వామి సగం బయటపడతాడు. రాయమల్లు లోపలికి పోతాడు. మీరా సాహెబ్ ఎందుకూ పనికిరాకుండా లారీ మీద దాక్కుని తిరిగినవాడవుతాడు, చచ్చాక కూడా.

"ఒర్లిండు సార్," అన్నాడు ఎల్లస్వామి. "గట్టిగనే ఒర్లిండు. అందరికి వినవడే ఉంటది. నాకు చెవులు లేవు."

సేటు వెంటనే అందుకున్నాడు. "అవు సార్, చెవిటోడే. నా దగ్గర దాచిండు."

దాచలేదన్న సంగతి ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఇద్దరూ చెప్పలేదు.

కేసు నడుస్తున్నప్పుడు రాయమల్లు ఒకసారి వరంగల్ వచ్చాడు. కోర్టు బయట చాయ్ బండి దగ్గర ఎల్లస్వామి పక్కన కూర్చుని, కప్పు కింద పెట్టి ఏడ్చాడు.

"అన్నా, నాకెరుకలే అన్నా. టైర్ కిందికి పోతదని..."

"ఎరికనే," అన్నాడు ఎల్లస్వామి. "నీ జాగల నేనున్నా గట్లనే గట్టేటోన్ని. ముడి మంచిగేసినవ్. ఇంటికి పో. ఎవ్వలకు చెప్పకు."

క్షమించాడని కాదు. ఆ ముడి సంగతి మాట్లాడటానికి అతనికి ఓపిక లేదు.

ఒక డాక్టరు ఎల్లస్వామి చెవి దగ్గర చేతి గడియారం పెట్టి, వినపడుతోందా అని అడిగాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. డాక్టరు పెదవులు కదలడం చూస్తున్నట్టు చూసి, లేదని తల ఊపాడు ఎల్లస్వామి. దాంతో చెవిటితనం కాగితం మీదికి ఎక్కింది. లైసెన్సు పోయింది. కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. ఫాతిమా బేగానికి రావాల్సింది ఆలస్యంగా, కోతలు పోగా, ఏదో వచ్చింది. సేటు ఆ లారీకి కొత్త డ్రైవరును పెట్టుకున్నాడు. ఎడమ పక్క అద్దం కూడా పెట్టించాడు.

బయటికొచ్చాక ఎల్లస్వామి ఎనుమాముల యార్డులో హమాలీగా చేరాడు. మిర్చి బస్తాలు మోస్తాడు. ఇప్పుడతనికీ దగ్గు మొదలైంది. చెవిటోడా అని పిలిస్తే రెండోసారికి గాని తిరగడు. అలవాటైపోయింది. యార్డులో లారీలు వెనక్కి వస్తుంటే అందరూ పక్కకు జరుగుతారు. క్లీనర్లు అరుస్తారు, పలకలు కొడతారు, హారన్లు మోగుతాయి. ఎల్లస్వామికి అన్నీ వినపడతాయి. ఏ లారీ ఎంత దూరంలో ఉందో, ఏ క్లీనరు అబద్ధం ఆడుతున్నాడో కూడా తెలుస్తుంది. అయినా బస్తా మోస్తూ దారిలోనే నిలబడతాడు, ఎవరో ఒకరు వచ్చి భుజం పట్టుకుని పక్కకు లాగేదాకా. విన్నట్టు ఒక్కసారి తప్పుకున్నా చాలు, ఎవడో ఒకడు అడుగుతాడు: మరి ఆ రోజు మీరా సాబు ఒర్లితె ఎందుకు వినవడలే? ఒక్కోసారి లాగేవాళ్లు ఆలస్యం చేస్తారు. యాకమ్మ దీని మీద పోట్లాడి పోట్లాడి మానేసింది.

ఫాతిమా బేగం ఇప్పటికీ పక్కింట్లోనే ఉంటుంది. గల్లీలో జనం ఉన్నప్పుడు ఆమె కూడా ఎల్లస్వామి చెవి దగ్గరికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు చించుకుని మాట్లాడుతుంది. జనం లేనప్పుడు గోడ అవతలినుంచే, బీడీలు చుట్టుకుంటూ, మామూలుగా అడుగుతుంది.

"తిన్నవా తమ్మీ?"

"తిన్న వదినే."